పాచి తినే చేపలూ, మా అక్క చేతిగుడ్డా

"తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవు" అంటారు. మా అమ్మ కడుపున ఆ రెండూ విడివిడిగా పుట్టాయి. తిరిగే కాలు మా అక్క. రెండోది నేనే, ఒప్పుకుంటాను.

అక్క కళ్ళజోళ్ళ దుకాణంలో వెనకగదిలో పనిచేస్తుంది. అద్దాలని ఫ్రేముకి సరిపడా అరగదీసి, మెరుగుపెట్టి, మెత్తటి గుడ్డతో తుడిచి ముందుకి పంపుతుంది. ఏళ్ళ తరబడి అదే పని చేసీ చేసీ ఆవిడకో జబ్బు పట్టుకుంది. ఎక్కడ గాజు కనిపించినా, దాని మీద మరక ఉంటే ఒంటి మీద తేళ్ళూ జెర్రులూ పాకుతాయి. బస్సెక్కితే కిటికీ తుడుస్తుంది. మా ఇంటికొస్తే, ఎలా ఉన్నావే అని అడగకముందే నా టీవీ తుడుస్తుంది. కొంగు చాటున ఎప్పుడూ ఓ గుడ్డ ఉండాల్సిందే.

అలాంటి మనిషి నలభై దగ్గరపడ్డాక పెళ్ళి చేసుకుంది. బావ లిఫ్టులు బిగించే మెకానిక్. మంచివాడే, కాకపోతే నోట్లో నాలుక లేదు. మొదటి భార్య పోయింది, ఆరో క్లాసు చదివే కూతురుంది. పెళ్ళిరోజున బావ వాళ్ళక్క పదిమందిలో ఆ పిల్ల గడ్డం పట్టుకుని, "ఇవాళ్టి నుంచి ఈవిడే మీ అమ్మ. ఏదీ, అమ్మా అని పిలువు" అంది. పిల్ల తలొంచుకుని చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ మహాతల్లి నోరు అక్కడే నొక్కేద్దామనిపించింది నాకు. పెళ్ళింట్లో గొడవెందుకని పళ్ళు బిగించుకుని ఊరుకున్నాను.

ఆ రోజు నుంచి పిల్ల మా అక్కని ఏమనీ పిలవలేదు. పెన్సిలు కావాలంటే, "నాన్నా, పెన్సిలయిపోయిందని చెప్పు" అనేది, అక్క రెండడుగుల దూరంలో ఉండగానే. బావ ఇంట్లో లేకపోతే వచ్చి గుమ్మంలో నిలబడేది. అక్క తలెత్తి చూసేదాకా నిలబడేది. నన్ను మాత్రం మొదటి వారంలోనే పిన్నీ అనేసింది. అక్క ఉడుక్కుంది. "ఏం పెట్టావే దానికి? అడ్డమైనదానివి, నీకున్న పిలుపు నాకు లేదా?" నవ్వుతూనే అంది గానీ, కళ్ళు నవ్వలేదు.

ఆ ఇంటి ముందుగదిలో పెద్ద అక్వేరియం ఉంది. చనిపోయినావిడ ముచ్చటపడి పెట్టుకున్నది. అందులో పళ్ళెంలా పలచగా, రెక్కలు సాగిపోయిన ఓ ముసలి ఏంజెల్ చేప, దాని చుట్టూ తిరిగే బుల్లి చేపలు, నాలుగు మొక్కలు. ఆవిడ పోయాక బావ దాని దీపం ఆర్పడమే మానేశాడు, పిల్లేమో జాలిపడి గుప్పెళ్ళతో మేత వేసేది. ఇంకేముంది! అంతా పాచి. లోపల చేప ఉందో లేదో కూడా తెలియనంత పచ్చగా అయింది అద్దం.

అక్క ఎన్నాళ్ళు ఆగుతుంది? ఓ పొద్దున చెయ్యి మోచేతిదాకా ముంచి లోపలి అద్దం తుడవడం మొదలెట్టింది. అప్పుడే పళ్ళు తోముకుంటూ వచ్చిన పిల్ల, తొట్టిలో ఆ చెయ్యి చూసింది. మొహంలో నెత్తుటిచుక్క లేదు. గదిలోకెళ్ళి తలుపేసుకుంది. ఏమీ తినకుండానే బడికెళ్ళిపోయింది.

"వాళ్ళమ్మ తొట్టిలో నేను చెయ్యి పెట్టకూడదే," అంది అక్క నాతో, మా వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి తిరుగుతూ. "పాచి తినే చేపలుంటాయట. అవైతే వాటి పని అవి చేసుకుంటాయి. నా చెయ్యి కనబడదు. పిల్ల మనసు కుదుటపడుతుంది. ఒక్కసారి నన్ను పిలిస్తే చాలు, ఇంకేమీ అడగను."

ఇద్దరం చేపల దుకాణానికి వెళ్ళాం. దుకాణందారు నోరు తెరిస్తే గుక్క తిప్పుకోడు. "సక్కర్ తీసుకెళ్ళండమ్మా, అద్దం నాకి పారేస్తుంది" అని చుక్కలచుక్కల నల్లచేపని కవర్లో వేసిచ్చాడు. నాకింది, కాదనను. కానీ మేతకి రుచి మరిగాక పాచి వైపు చూడ్డం మానేసింది. మొక్కలు పీకింది. మూరెడు పెరుగుతుందని ఆ తర్వాత తెలిసింది. అది చాలదన్నట్టు ఓ సాయంత్రం ముసలి ఏంజెల్ పక్కకి అతుక్కుని దాని ఒంటి మీది జిగురు పీలుస్తోంది! పిల్ల కెవ్వుమంది. అక్క పరుగున వలతో దాన్ని పట్టి, చీర కూడా మార్చుకోకుండా దుకాణానికి తీసుకెళ్ళి ఇచ్చేసింది.

"పళ్ళెం లాంటి చేపలున్నచోట అదివ్వొచ్చా?" అని నేను అరిచాను.

"ఏ చేపలున్నాయో మీరు చెప్పలేదుగా!" అన్నాడు నిక్షేపంలాంటి మొహంతో. నిజమే, చెప్పలేదు. అందుకని ఇంకాస్త గట్టిగా అరిచాను.

ఈసారి అక్క అన్నీ అడిగింది. ఓటోలని పాచి తినే చేపలుంటాయట, చిటికెనవేలంత కూడా ఉండవు, ఎవరి జోలికీ పోవు, ఒంటరిగా ఉంచితే బెంగపడతాయి, అందుకని గుంపుగా కొనాలి. దుకాణం తొట్టి ముందు అక్క వంగి ఒక్కొక్కదాని పొట్ట చూసింది. గుండ్రంగా ఉన్నవాటినే ఏరింది, ఆరు. ఇంటికి తెచ్చి కవర్ని నీళ్ళమీద తేల్చి, చెంచాతో అందులోకి తొట్టినీళ్ళు కొంచెం కొంచెం పోస్తూ, ఆత్రం ఆపుకోలేక కాలు కాలిన పిల్లిలా గది చుట్టూ తిరిగి, మళ్ళీ ఓ చెంచా. వదలగానే ఆరూ అద్దానికి మూతులానించి చకచకా మేయడం మొదలెట్టాయి. పిల్ల దగ్గరికొచ్చి నిలబడింది. నవ్వింది కూడా. అద్దం వైపు చూసే నవ్విందనుకోండి. ఆ రాత్రి అక్క ఫోన్లో మూడుసార్లు ఆ నవ్వు సంగతే చెప్పింది.

ఆ వారమే బావ వేరే ఊళ్ళో లిఫ్టు పనికి వెళ్ళాడు, నెలదాకా రాడు.

అక్క ఊరుకుందా? ఎలా ఊరుకుంటుంది! చేపలు మేసినచోట మేసి, మేయనిచోట మరకలు వదిలేస్తాయిగా. అవి చూసి ఈవిడకి నిద్రపట్టేది కాదు. పిల్ల లేవకముందే లేచి, ఆ కాస్తా తుడిచేసి, గుడ్డ పిండి దండెం మీద ఆరేసేది. అద్దం ధగధగ. దీపం కూడా కాసేపే వెలిగించేది, పాచి పుట్టే వీలే లేకుండా.

ఓ ఓటో చచ్చిపోయింది. తర్వాత ఇంకోటి. దుకాణందారు "నీళ్ళు పడలేదేమో" అన్నాడు. చేపకి నీళ్ళు పడకపోవడమేంట్రా నాయనా! అక్క నీళ్ళు మార్చింది. మురికేమోనని ఇంకా గట్టిగా తుడిచింది. మూడోది పోయింది. పిల్ల రోజూ బడికెళ్ళే ముందు తొట్టి ముందు నిలబడేది, తర్వాత గుమ్మంలో నిలబడేది, అక్క చేపల మందుసీసా మీది రాతలు చదవడంలో మునిగి తలెత్తకపోతే వెళ్ళిపోయేది.

"నేనే చంపుతున్నాననుకుంటోందే," అని అక్క నా దగ్గర ఏడ్చింది. అదే సాయంత్రం ఆవిడతో పాటు ఆ ఇంటికి వెళ్ళాను.

వెళ్ళేసరికి నాలుగోది ఆకు మీద పడుంది. కడుపు వీపుకి అంటుకుపోయింది. అక్క గుడ్డ చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. పిల్ల గుమ్మంలో నిలబడింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటే ఆ నిలబడ్డం? నోట్లో ముత్యాలేమైనా పెట్టుకున్నావా? చెప్పేదుంటే చెప్పు!"

పిల్ల తొట్టి వైపు చెయ్యి చూపించింది. "అవి ఆకలికి చచ్చిపోతున్నాయి."

"ఆకలేంటే, మేత వేస్తున్నాంగా?"

"పైన వేసే మేత అవి తినవు. పాచే తింటాయి. రోజూ పొద్దున్నే అంతా తుడిచేస్తే ఏం తింటాయి? అమ్మ కూడా ఇవి పెంచింది. అమ్మ వెనకద్దం ఎప్పుడూ తుడిచేది కాదు."

అక్క ఆగిపోయింది. ముందు ఆవిడ మొహం చూడలేకపోయాను, అందుకని పిల్ల మీదే పడ్డాను. "తెలిసీ చెప్పవేం? అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, చెప్పనిదే ఈవిడకెలా తెలుస్తుంది?"

"నాన్న లేడుగా."

"నాన్నెందుకు? ఈవిడ ఎదురుగానే ఉందిగా!"

"ఎలా చెప్పను?" అని పిల్ల భోరుమంది. "చెప్పాలంటే ముందు పిలవాలిగా. అత్త అమ్మా అనమంది. నాకు రావట్లేదు. రోజూ వచ్చి నిలబడుతున్నా. చూడట్లేదు."

అక్క వెళ్ళి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడింది. "ఆ మాట మీ అమ్మదే, బంగారం. అది నాకొద్దు. నీకేం తోస్తే అలా పిలువు. ఏమీ తోచకపోతే వచ్చి నా జడ పట్టి లాగు. నిలబడి మాత్రం ఉండకు తల్లీ."

పిల్ల ముక్కు తుడుచుకుని, వంటింట్లోకెళ్ళి కీరాదోస ముక్క తెచ్చి, వేడినీళ్ళలో మెత్తబరిచి, చెంచా కాడకి గుచ్చి తొట్టి అడుగున దింపింది. మిగిలిన రెండు ఓటోలూ చాలాసేపటికి వచ్చి దాన్ని పట్టుకున్నాయి. దీపం ఎంతసేపు వెలగాలో కూడా పిల్లే చెప్పింది, గోడతో చెప్పినట్టు.

ఆ తర్వాత అక్క పడ్డ అవస్థ పగవాడికి కూడా వద్దు. వెనకద్దం మీద పచ్చగా పొర కడుతుంటే ఆవిడకి కుదురు లేదు. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమింది, కిటికీలు తుడిచింది, పక్కింటివాళ్ళ కిటికీలు కూడా తుడుస్తానంది. చేపల పొట్టలు మాత్రం మళ్ళీ గుండ్రబడ్డాయి. పిల్ల గుమ్మంలో నిలబడ్డం మానేసి నేరుగా పక్కకొచ్చి మాట్లాడేది. పిలుపు మాత్రం లేదు. అక్క అడగలేదు.

ఆదివారం నేను వాళ్ళ వంటింట్లో టీ పెడుతున్నాను. ముందుగదిలో పిల్ల లెక్కలు చేసుకుంటోంది. అక్క తొట్టి వెనక్కి వెళ్ళడం కనిపించింది. ఓ మూల, ఒక్క మూలే అనుకుని ఉంటుంది పాపం. చెయ్యి పైకి లేచింది.

"పిన్నీ! గుడ్డ కింద పెట్టు!"

"నేనేం చేశానే?" అన్నాను వంటింట్లోంచి, చేతిలో టీ వడగట్టే జల్లెడతో.

"నిన్ను కాదు," అంది పిల్ల, పుస్తకంలోంచి తలెత్తకుండా.

అక్క నా వైపు చూడలేదు. వంగి గుడ్డ నేల మీద పెట్టింది. "పెట్టేశాను తల్లీ," అంది. "ఇదిగో, పెట్టేశాను."