గది సర్కారుది, మిషన్ కంపెనీది

మా కోడలికి కిడ్నీలు పోయినయి. కాళ్లు ఉబ్బుతుంటే, పొద్దంత బీడీలు చుట్టుకుంట కూసున్నందుకే అనుకున్నం. ఇప్పుడు వారానికి రెండుసార్లు నెత్తురు కడిగే మిషన్ కాడికి తీస్కపోవాలె. మేం పోయే సర్కారు దవాఖానల దానికొక పెద్ద గది ఉన్నది. గది సర్కారుది, లోపటి మిషన్లు కంపెనీవి. మా తాన పైసలు తీస్కోరు. నాకు తెలిసింది అంతే.

ఆనాడు పోతే తలుపుకు తాళం ఉన్నది. అమాస. మా భవాని పేట్‌ల పాత నేతోళ్లు అమాస నాడు మగ్గం ముట్టరు. మగ్గం గూడ ఒక్కనాడు దమ్ము తీస్కోవాలె అంటుండె మా ఆయన, బతికున్నప్పుడు. ఈ మిషన్లకు గూడ అమాస సుట్టీ అనుకున్న. ఎవ్వరినీ అడగలే. కోడలిపిల్లను మళ్ల ఆటో ఎక్కించిన.

"అత్తమ్మా, దవాఖానల గూడ అమాస చేస్తరా?"

"మిషన్లే కద మరి."

"అట్లయితే నా కిడ్నీలు రోజూ అమాసే చేస్తున్నయి," అని నవ్వింది. నేను గూడ నవ్విన.

తెల్లారి పోతే మళ్ల అదే తాళం. ఇది అమాస సుట్టీ కాదని అప్పుడు ఎరుకైంది. పిల్ల మొఖమంత ఉబ్బింది. పండుకుంటే దమ్మాడుతలేదని గోడకు ఆనుకొని కూసున్నది. కొడుకేమో కార్ఖానాల పనిల ఉండె.

డాక్టర్ సాబ్ కాడికి ఉరికిన. "కంపెనీతోని కరారు కాయితం గడువు అయిపోయింది ఆజీ," అన్నడు, మరాఠీల అవ్వను పిలిచినట్లు. "కొత్తదాని మీద ముంబైల సర్కారోళ్ల సంతకం కావాలె. అందాక ఆ మిషన్లకు మేం చెయ్యి పెట్టరాదు."

తాళంచెవులు పెట్టుకున్న కంపెనీ మనిషి బయట కుర్చీల కూసున్నడు. ఆయన కాళ్ల మీద పడబోయిన.

"లే మావ్‌శీ. కరారు లేకుంట నడిపిస్తే, ఏమన్న అయితే ఎవరి మీదికొస్తది? నా మీదికే కద."

"నడపకుంటే ఏమన్న అయితే?"

"అది సాబ్‌ను అడుగు."

సాబ్ ఏమో కంపెనీని అడుగమనె.

మా ఇంట్ల గూడ గట్లనే ఉండె. గది మాది, మగ్గం సేఠ్‌ది, నూలు సేఠ్‌ది. ఒకసారి సేఠ్‌కు, మా ఆయనకు మాటకు మాట పెరిగితే, సగం నేసిన చాదర్ మగ్గం మీదనే నిలిచింది. దుమ్ము పట్టింది గని, మాట కలిసినంక మా ఆయన ఆడికెల్లే మళ్ల నేసిండు. మనిషిని అట్ల సగంల నిలబెట్టొస్తదా?

ఆ తలుపు ముంగటనే పిల్లను ఒళ్ల ఆనిచ్చుకొని కూసున్న. జరగమంటే జరగలే. ఆమె దమ్ము గురగుర అంటుంటే డాక్టర్ సాబ్ వచ్చి చూసిండు, ఫోన్ల మీద ఫోన్లు చేసిండు. పొద్దు వాలినంక పై నుంచి మాట వచ్చింది. కొత్త కరారు అయ్యేదాక పాతదే నడిపించుమన్నరట.

"ఎన్ని దినాలు సాబ్?"

"చూద్దాం ఆజీ."

మిషన్ మొదలైంది. పిల్ల నెత్తురు సన్న గొట్టంలకెల్లి బయటికి పోతుంది, మళ్ల లోపటికి వస్తుంది.

"అత్తమ్మా, మధ్యలనే గడువు అయిపోయిందంటే, బయట ఉన్న నెత్తురు నాకు మళ్ల ఇస్తరా?"

"ఇస్తరు పిల్లా, ఊకో," అన్న. ఆమె కండ్లు మూసింది. నేను మాత్రం ఆ తాళంచెవులాయన యాడ నిలబడ్డడో చూసుకుంటనే కూసున్న.