బోర్డు వెనక జీలుగ

నా చిన్నప్పుడు భవానీపురంలో మా ఇంటి ఎదురుగా పార్కు బోర్డు ఉండేది. పార్కు లేదు. మున్సిపాలిటీవాళ్లు మట్టి తోలి, చదును చేసి, ఇక్కడ ఉయ్యాల, అక్కడ జారుడుబల్ల అని సున్నంతో గీతలు గీసి వెళ్లారు. మొదటి వానకే గీతలు కొట్టుకుపోయాయి. ఆ ఉయ్యాల ముందు ఎవరెక్కాలో తేలక మా వీధి పిల్లలం అప్పటికే పోట్లాడుకుని మాటలు మానేశాం. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మా మామ్మ నవ్వేది.

ఏడాది తిరిగింది. నాన్న వెళ్లి అడిగినప్పుడల్లా ప్లాను మారుతోందని చెప్పి పంపేవారు. ఈలోగా ఇళ్లు కట్టుకునేవాళ్లు పగిలిన ఇటుకలు తెచ్చి అక్కడ పోయడం మొదలుపెట్టారు. ఆ పక్కనే లారీలు కూడా ఆగసాగాయి. కిటికీలోంచి చూస్తే నా ఉయ్యాల ఆ చెత్తకింద పడిపోతున్నట్టే ఉండేది. ఏడుపొచ్చేది.

మామ్మది ఉయ్యూరు పక్క పల్లె. పొలం కౌలుకిచ్చి మా దగ్గరికి వచ్చేసినా ఆమె చేతులు మాత్రం ఊరుకునేవి కావు. ఆ ఏడు తొలకరి పడగానే మా అందరిచేతా ఇటుకముక్కలు ఏరించి, ఊరినుంచి తెప్పించిన జీలుగ విత్తనాలు స్థలమంతా చల్లేసింది. వరి నాట్లకు ముందు చేలో జీలుగ వేసి, పూతకొచ్చాక దున్నేసి ఎరువు చేయడం మా వైపు అలవాటే. పార్కులో వేయడం మాత్రం ఎవరూ కనలేదు, వినలేదు.

పక్కింటి మాస్టారు గోడమీంచి తొంగిచూసి, "ఏవండీ మామ్మగారూ, నాట్లు ఎప్పుడేస్తున్నారేంటి?" అని ఆటపట్టించారు.

"నవ్వండి బాబూ, నవ్వండి. ఖాళీ నేలంటే అందరికీ లోకువేనండీ. పచ్చగా ఉందనుకోండి, దీనికీ ఎవరో ఉన్నార్లే అనుకుంటారు" అంది మామ్మ.

అన్నట్టే అయింది. నా ఎత్తున లేచిన పైరులో చెత్త పోయడానికి ఎవరికీ చేతులు రాలేదు. లారీలు వేరేచోటు చూసుకున్నాయి. పసుప్పచ్చ పూలు విరిసేసరికి నేను ఉయ్యాల సంగతే మరిచిపోయి, బడినుంచి రాగానే ఆ పూల దగ్గరికే పరిగెత్తేదాన్ని. సరిగ్గా అప్పుడే మామ్మ మా పాలాయన్ని పిలిచి, అరక కట్టించి, మొత్తం దున్నించేసింది. గొంతు పోయేలా ఏడ్చాను. మామ్మంత పాపిష్టిది ఇంకొకరు లేరనిపించింది.

నన్ను ఒళ్లోకి లాక్కుని, "పిచ్చిదానా, ఇది మనం కోసుకోడానికేసింది కాదే. దీని వెనకాల వచ్చేదానికోసం" అంది. గట్టు పక్కన విత్తనానికి వదిలిన కాసిని మొక్కలు చూపించింది.

పార్కు రాని ప్రతి ఏడూ జీలుగ వేస్తూనే ఉంది. తీరా పార్కు వచ్చేనాటికి మామ్మ లేదు. ఉయ్యాలెక్కితే నా కాళ్లు నేలకి రాసుకునేవి. అయినా ఎక్కి ఊగాను. నాటిన మొక్కలన్నీ ఏపుగా లేస్తే, నేల మంచిదని కొత్తగా వచ్చినవాళ్లు మెచ్చుకునేవారు. మా వీధివాళ్లం వినేవాళ్లం.

ఇప్పుడు నేనుంటున్న కాలనీలోనూ పార్కుకి బోర్డు పెట్టి వెళ్లారు. టెండరు మళ్లీ పిలవాలంటున్నారు. మనం చూస్తామా అని నా ఈడువాళ్లు నిట్టూరుస్తారు. చూడకపోవచ్చు. సాయంత్రాలు ఆ రాబోయే పార్కు చెట్లకింద బెంచీమీద కూర్చోవాలని నాకూ ఎంతో ఆశగా ఉంది. ఈ తొలకరికి జీలుగ చల్లించాను. నిండా పూసింది. రేపు దున్నిస్తున్నామని తెలిసి మా మనవరాలు ముఖం మాడ్చుకుని మెట్లమీద కూర్చుంది. ఒళ్లోకి రమ్మని పిలిచాను. ఏం చెప్పాలో నాకు తెలుసు.