కాళ్ల మీద పడిన పది కర్రలు

“ఎవులు పిలిసినారు నిన్ను? మేచ్ జరుగుతంటే గ్రౌండులోకి పరిగెట్టుకొచ్చీసినావు, సిగ్గునేదా అమ్మమ్మా?”

“నాకెందుకే సిగ్గు? కళ్లెదర నీ కాళ్ల మీద పది కర్రలు పడతంటే సూత్తూ కూకోమంతావా?”

“కొట్నేదని సెప్తన్నాను కదా! అది కొట్టడం కాదు.”

“కర్రెత్తి కాలిమీదెయ్యడం కొట్టడం కాకపోతే మరేటే, ముద్దెట్టుకోడమా?”

“నీకు సెప్పినా ఎక్కదు. రేపు నాను ఎల్లను. ఏ మొకమెట్టుకుని ఎల్తాను ఆళ్ల కాడికి?”

“ఎల్లకు. పీడా పోతాది. ఇంటికాడ పని తక్కువయిందేటి నీకు?”

ఇవి నా మాటలూ, నా మనవరాలి మాటలూ. మొన్న చలికాలంలో ఒక సాయంత్రం, పొయ్యి మీద అన్నం మాడిపోతున్న వాసన వస్తున్నా లేవకుండా, మా వసారాలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని అరుచుకున్న మాటలు. గింజ కింద పడితే వంగి ఏరుకునే మనిషిని నేను. అలాంటిది ఆ పూట కుండ మాడనిచ్చానంటే నా బుద్ధి నా దగ్గర లేదని నా ఈడువాళ్లు ఎవరైనా ఇట్టే పోల్చుకుంటారు. నేను చదివింది రెండో తరగతి. రాయడం కూడా కూడబలుక్కుని రాయడమే. అయినా ఈ సంగతి నోటితో ఎవరికీ చెప్పుకోలేక, మనవరాలు వాడి వదిలేసిన కాగితాల వెనకవైపు రాస్తున్నాను.

అది నా కూతురి కూతురు. హాస్టల్లో ఉండి చదువుకుంటుంది, హాకీ ఆడుతుంది. ఈసారి పోటీలు మా అరకులోనే పెట్టడంతో వాళ్ల ఆటల మాస్టారిని అడిగి ఆ రోజులు నా దగ్గర పడుకోవడానికి వచ్చింది. వాళ్ల జట్టుకి గోలీ మా పిల్ల ఒక్కతే. అంటే తక్కిన పదిమందీ మైదానమంతా పరుగెడుతుంటే ఇది వల ముందు నిలబడి బంతి లోపలికి పోకుండా ఆపాలి. దాని సామాను మొదటిసారి చూసినప్పుడు, కాళ్లకి కట్టుకునే ఆ ప్యాడ్లలో ఉన్న మెత్తతో ఒక చంటిపిల్లకి పరుపు అవుతుంది కదా, ఇదంతా కాళ్లకి చుట్టుకోవడం ఏమిటని విసుక్కున్నాను. ఒక ప్యాడ్‌కి పట్టీ తెగితే కొత్తది కొనమని అడగబోయింది. నా పాత చీర అంచు చింపి, మూడు పేటలుగా అల్లి కట్టి ఇచ్చాను, బంగారంలా ఉంది. ఆ సామానంతా తగిలించుకున్నాక గోలీ వంగలేదట, పట్టీలు తక్కిన పిల్లలే వంగి కడతారట. ఆ మాట విన్నప్పుడైనా నేను కాస్త ఆలోచించి ఉండవలసింది.

ఆ రోజు తోటలో పని మధ్యాహ్నానికే ముగించుకుని, ఉడకబెట్టిన పెండలం దుంపలు అడ్డాకులో చుట్టుకుని మైదానానికి వెళ్లాను. అక్కడ టీ అమ్ముతున్నారు గాని, ఇంట్లో పొయ్యి ఉండగా బయట టీ తాగే అలవాటు నాకు ఏనాడూ లేదు. మా పిల్ల కనబడేలా వలకి కాస్త పక్కగా గట్టు మీద కూర్చున్నాను. దానికి కొంచెం ముందు వాళ్ల జట్టు ఆడపిల్లే, ఒక పొడుగు గుంట, కాపు కాస్తోంది. చూస్తూ ఉండగానే బంతి ఆ గుంటని దాటి దూసుకొచ్చింది, మా పిల్ల కాలు చాచి పడింది, బంతి కాలి పక్కనుంచి వలలోకి పోయింది. అవతలి జట్టువాళ్లు గంతులేశారు. మా పిల్ల మోకాళ్ల మీద అలాగే ఉండిపోయింది. అప్పుడు మైదానం నలుమూలల నుంచీ దాని జట్టు పిల్లలు దానివైపే నడిచి రావడం మొదలుపెట్టారు. ఎవరూ నోరు మెదపలేదు. ఒక్కొక్కతే వచ్చి, కర్ర ఎత్తి, దాని కాలి మీద టప్పుమని వేసి వెనక్కి తిరిగి వెళ్తోంది. మా పిల్ల తల వంచుకుని పడుతోంది.

తర్వాత నేనేం చేశానో రాయడానికి చెయ్యి వెనకాడుతోంది. దుంపలు ఎక్కడ పడ్డాయో తెలియదు. చీర ఎగదోపి మైదానంలోకి పరుగెత్తాను. పొడుగు గుంట చేతిలోని కర్ర లాక్కుని దాని మీదకే ఎత్తాను. “మీ కొంపలు కూలా, ఒక్క గుంటని పదిమందీ సేరి బాదుతారేటే” అని కేకలు పెట్టాను. ఆ గుంటది ఏ ఊరో నాకు తెలుసు. మీ ఊరోళ్లకి అన్నం పెట్టిన చెయ్యి కరిచే బుద్ధే అన్నాను. అదే ఊళ్లో నా మేనత్త కూతురు కాపరం చేస్తోందన్న సంగతి కూడా ఆ క్షణాన నాకు గుర్తు లేదు. ఈల ఊదే ఆవిడ ఆట ఆపేసింది. గట్టు మీది జనం మొదట బిత్తరపోయారు, తర్వాత నవ్వారు, ఆ తర్వాత సెల్‌ఫోన్లు పైకెత్తారు. మాస్టారు పరుగున వచ్చి, మీ పిల్లకేం కాలేదమ్మా, ఇలా రండమ్మా అంటూ నన్ను చెయ్యి పట్టుకుని బయటికి నడిపించారు.  పొడుగు గుంట నేను పారేసిన కర్ర తీసుకుని, తన చోటికి పోయి నిలబడింది. మా పిల్ల ఆ చువ్వల టోపీలోంచి నావైపు ఒక్కసారి చూసింది. ఆ తర్వాత దాని కాళ్లు కుదురుగా నిలవలేదు. ఇంకో రెండు గోల్స్ పడ్డాయి. జట్టు ఓడిపోయింది. మిగిలిన ఆట మర్నాడు పొద్దున్న, అది కూడా పోతే ఇళ్లకి పోవడమే. ఇంటిదాకా మా పిల్ల నా వెనకాల సామాను సంచి ఈడ్చుకుంటూ వచ్చింది.

నేనెందుకలా పరుగెత్తానో ఆ రోజు దానికి చెప్పలేదు. మీకు చెబుతాను.

మా పుట్టింటివారిది జి.మాడుగుల వైపు కొండ. వాలంతా సామ, చోడి, కంది కలిపి చల్లేవారు. మా నాన్నది ఒక ముక్క, చిన్నాన్నలది చెరొక ముక్క, మేనత్తది ఒక ముక్క. చేలు వేరైనా కంచె అందరికీ ఒకటే, మంచె ఒకటే. ఆ మంచె అన్నిటికన్నా దిగువన మా ముక్కలో ఉండేది. పలక పట్టిన రెండేళ్లకే నన్ను బడి మాన్పించి దాని మీద ఎక్కించారు. ఏడ్చాననుకునేరు, లేదు. నాకు మంచె మీద ఉండడం ఇష్టమే. పొద్దున్నే మంచు లోయలోకి జారిపోతుంటే అవతలి కొండ మీద వలిసె పూలు పసుపు ఆరబోసినట్టు బయటపడేవి. ఆనపబుర్రలో అంబలి తెచ్చుకుని మంచె గుంజకి వేలాడదీసేదాన్ని, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా ముట్టేదాన్ని కాదు, అప్పటినుంచే దాచుకు తినే అలవాటు. ఒడిసెలలో రాయి పెట్టి తిప్పి వదిలానంటే చిలకల గుంపు ఆకాశంలోనే దారి మార్చుకునేది. చేతిలో ఆ తాడు తిరగడం, రాయి వదిలేసేటప్పుడు వేలికి తగిలే చిన్న ఊపు, అవి ఇప్పటికీ నాకు తెలుస్తూనే ఉంటాయి. ఒంటరిగా పాటలు కూడా కట్టుకునేదాన్ని, ఒక్కటీ గుర్తు లేదు.

ఒక ఏడు కోత దగ్గరపడ్డాక కోతులు పడ్డాయి. పెద్దవాళ్లంతా సంతకి పోయిన రోజు. ఎగువన కాపలా ఉండవలసిన ఒక చిన్నాన్న చెట్టు కింద కునుకు తీశాడు. ఆయన ముక్క దగ్గర కంచె ముళ్లకంప ఎప్పుడో పడిపోతే ఎవరూ నిలబెట్టలేదు. ఆ సందులోంచి దిగి, ఒక్కో ముక్కా తినుకుంటూ, తొక్కుకుంటూ, చిట్టచివరికి నా దగ్గరికి వచ్చాయి. అంత మందని నా ఒడిసెల ఏం ఆపుతుంది! నా గొంతు పోయేదాకా అరిచాను, అవి మా ముక్క కూడా తినేసి వాగువైపు దిగిపోయాయి. సంతనుంచి వచ్చినవాళ్లు చేను చూసుకున్నారు. ఎవరూ తిట్టలేదు. ఒక్కొక్కరే మంచె దగ్గరకొచ్చి, వేలాడుతున్న నా కాళ్ల మీద బెత్తంతో ఒక్కో దెబ్బ వేసి వెళ్లారు. నాన్న వేశాడు. మేనత్త చంకలో పిల్లని దింపకుండానే వేసింది. కునుకు తీసిన చిన్నాన్న కూడా వేశాడు. మా కొండవాళ్లందరూ ఇంతేనని అనుకోవద్దు, ఇది మా ఇంటి సంగతి. దెబ్బలు గట్టివి కావు, తోలు చిట్లలేదు. కాని ఎన్ని ముక్కలు దాటి వచ్చినా సరే, ఎవరి దగ్గర చివరగా దాటిందో వారిదే తప్పన్నది నాలో అప్పుడే నాటుకుపోయింది. దిగి రమ్మని ఆ రోజు నన్ను ఎవరూ పిలవలేదు.

మైదానంలో మోకాళ్ల మీద ఉండిపోయిన పిల్లని చూసినప్పుడు నాకు ఆట కనబడలేదు.

ఈ కథంతా ఆ సాయంత్రమే చెప్పి ఉంటే మా పోట్లాట అక్కడితో చల్లారేదేమో. చెప్పుకునే అలవాటు లేనిదాన్ని, నోటికొచ్చింది అన్నాను. “బంతి వదిలీసినావు గావాల, అందుకే ఏసినారు. నీ తప్పు నేకపోతే ఊరికే ఏత్తారా?” అన్నాను.

 మనవరాలు గొంతు తగ్గించి, చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పుకొచ్చింది. ఆ టోపీ పెట్టుకుంటే మాట సరిగా వినబడదట. ప్యాడ్ మందానికి ఎవరైనా చెయ్యి వేసినా తెలియదట. అందుకని కర్రతో తడతారట, లే, మేమున్నాం అని. ఆట మొదలుపెట్టే ముందు తడతారట, బంతి ఆపినప్పుడు తడతారట. వదిలేసినప్పుడు మాత్రం, ఎంత దూరంలో ఉన్నా సరే, ఒక్కతె కూడా తప్పిపోకుండా రావాలని వాళ్లలో వాళ్లు కట్టుబాటు పెట్టుకున్నారట. ఆ కాసేపు గోలీని ఎవరూ ఏమీ అడగకూడదట, బంతి పదిమందిని దాటితేనే గోలీ దాకా వస్తుంది కనుక.

“ఆళ్లు అందుకొచ్చినారు నా కాడికి,” అంది. “నువ్వు జాలిపడి పరిగెట్టుకొచ్చినావు, నిజవే. కానీ తప్పు నాదేననుకున్నావు అమ్మమ్మా. ఆళ్లలో ఒక్కత్తీ అలగనుకోనేదు.”

లేచి పొయ్యి మీది కుండ దించాను. “రేపు మరి గోలీ ఎవులే?” అన్నాను.

“ఎవుల్నో నిలబెడతారు. పొద్దున్నే ఎవులైనా వచ్చి సామాను అట్టుకుపోతారు. నాను మాత్తరం ఎల్లను,” అని గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం తినలేదు. మాడిన కుండ గీకి నేనే తిన్నాను.

మా పుట్టింటి వాలు మీద ఇప్పుడు సామ లేదు, మంచె లేదు. సిల్వరోక్ చెట్ల నీడన కాఫీ ఉంది. బెత్తం వేసినవాళ్లలో ఒక్కరూ మిగలలేదు. వాళ్ల మీద నాకు కోపమూ లేదు, వాళ్ల పెద్దలు వాళ్లకి నేర్పిందే వాళ్లు నాకు నేర్పారు. ఈ పిల్లలకి ఆ తట్టడం ఎవరు నేర్పారో, మాస్టారు చెప్పారో, ఇంకే జట్టుని చూసి నేర్చుకున్నారో నాకు తెలియదు. నా మంచె కిందికి ఆ రోజు ఒక్కరు అలా వచ్చి ఉంటే నేను ఇంకో రకం మనిషినై ఉండేదాన్నా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది, అంతలోనే ఆ ఆలోచనకీ సిగ్గేస్తుంది, ముసలితనంలో ఇదొక సాకు కదా అని. జనం నవ్వినందుకు, సెల్‌ఫోన్లలో పడినందుకు నాకు అంత బాధ లేదు. ఇంతమంది పిల్లల్ని ఎత్తుకుని పెంచినదాన్ని, ఆ పదిమందీ నడిచి వస్తుంటే అది ఓదార్పు కావచ్చని నాకు తోచనేలేదు. కర్ర పట్టుకుని వచ్చే మనిషి కొట్టడానికి కాక మరి దేనికైనా వస్తుందని నా బతుకులో నేను చూడలేదు.

మర్నాడు మంచు విడకముందే ఆ పిల్లలు వచ్చారు. సామాను కోసం ఎవరో ఒకరిద్దరు వస్తారనుకున్నాను, పదిమందీ వచ్చారు. వాళ్ల అలికిడి వినగానే మనవరాలు పెరట్లోకి పోయి కట్టెల మోపు పక్కన కూర్చుంది. నేను గుమ్మం దాకా వచ్చాను గాని మెట్టు దిగలేకపోయాను. పొడుగు గుంట అందరికన్నా ముందుంది. దాని ముఖం చూడలేక, దాని బూట్ల వైపు చూస్తూ, “నిన్న నిన్నూ, మీ ఊరినీ అనరాని మాటలనీసినానే అమ్మా,” అన్నాను. 

“పర్నేదమ్మమ్మా,” అంది. “ఆ బంతి నా కర్ర కిందనించే పోనాది. నాను ఆపాల్సింది. మా గోలీ ఏదీ?”

పెరటివైపు చూపించాను. అందరూ అటు వెళ్లారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. మధ్యలో ఒకసారి పెద్దగా నవ్వారు, నా గురించే అయి ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు మా పిల్ల వాళ్ల మధ్యలో ఉంది, ముఖం కడుక్కుని ఉంది. సంచి విప్పి సామాను వాళ్లే పంచుకున్నారు, ఒకతె టోపీ, ఇద్దరు చెరో ప్యాడ్, మరొకతె చేతి తొడుగులు. ఆట రోజున గోలీ బరువు మొయ్యకూడదట. అది ఉత్త చేతులతో మెట్లు దిగి, వెనక్కి తిరిగి, “నువ్వు రాకమ్మమ్మా,” అంది. కోపంగా అనలేదు.

వాళ్లు రోడ్డెక్కి మంచులోకి వెళ్లిపోయారు. నేను వెళ్లలేదు.