కోడితో పాటు వెళ్లిన పుస్తకం

పుస్తకం అచ్చయితే చాలు, పాఠకులు వాళ్లంతట వాళ్లే వెతుక్కుంటూ వస్తారని నమ్మే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసు. ఉదయగిరి నుంచి రోజూ బస్సులో ఆత్మకూరు పోయి, అక్కడొక ప్రైవేటు బడిలో సాంఘికశాస్త్రం చెప్పి, సాయంత్రం మళ్లీ బస్సులో తిరిగొచ్చేవాణ్ని. ఆ కుదుపుల్లోనే కథలు రాసి, నెల్లూరులో అచ్చు వేయించి, కట్టలు కట్టలుగా ఇంటికి తెచ్చుకున్నాను. మంచం కింద పట్టినన్ని పట్టాయి. పట్టని కట్టల మీద నాయన వేరుశనక్కాయల బస్తా నిలబెట్టాడు. "బస్తాకి నెమ్ము తగలకుండా ఉంటాది. దేనికో ఒకదానికి పనికిరావాల గదా" అన్నాడు. నా పుస్తకం గురించి వచ్చిన మొట్టమొదటి సమీక్ష అదే.

ప్రచారం లేకపోవడమే లోపమని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. ఫేస్‌బుక్‌లో ముఖచిత్రం పెడితే "కంగ్రాట్స్ అన్నా" అని కుప్పలు తెప్పలుగా వచ్చాయి. పుస్తకం కావాలన్నవాడు మాత్రం ఒక్కడే, అతను కూడా పీడీఎఫ్ ఉందా అని అడిగాడు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెడితే, అదేదో పెళ్లి శుభలేఖ అనుకొని ఒక మేనత్త "దేవుడు మిమ్మల్ని ఆశీర్వదించుగాక, ముహూర్తం ఎప్పుడు" అని రాసింది. ఆత్మకూరు బస్టాండు దగ్గర నోటు పుస్తకాల అంగట్లో నాలుగు ప్రతులు పెట్టించి, రోజూ పెన్ను రీఫిల్ కొనే నెపంతో వెళ్లి చూసుకునేవాణ్ని. (ఇప్పటికీ మా ఇంట్లో రీఫిళ్లకు కరువు లేదు.) చివరికి అంగడాయనే విసుక్కున్నాడు. "సార్, మీరొచ్చి దాని ముందర అట్టా నిలబడుకుంటే, ఎవురన్నా కొందామన్నా భయపడి రారు సార్."

అప్పుడొక ఒట్టు పెట్టుకున్నాను. మొహమాటానికి కాకుండా, చదువుకోవడానికి, ఒక్కరంటే ఒక్కరు నా పుస్తకాన్ని ఇంటికి తీసుకుపోతే రెండోది రాస్తాను. లేదంటే కట్టలన్నీ పాతపేపర్లవాడికి వేసేసి బుద్ధిగా పిల్లలకి పాఠాలు చెప్పుకుంటాను. ఈ ఒట్టు సంగతి అమ్మకి చెబితే, ఆమె బియ్యం ఏరుకుంటూ తల కూడా ఎత్తకుండా అంది: "తొలి పంట దేవుడికియ్యాలని తెలీదంట్రా నీకు? ఆదివారం కోత పండగ గదా. ఒక పుస్తకం తీసకపోయి గుళ్లో బల్ల ముందర పెట్టు. ఆయనే చూసుకుంటాడు."

మా క్రైస్తవ సంఘంలో కోత పండుగంటే ఎవరి పంటలో కొంత వాళ్లు గుడికి, అంటే చర్చికి, తెస్తారు. సజ్జలు, కందులు, గుమ్మడికాయలు, నిమ్మకాయలు, పొలం లేనివాళ్లయితే ఒక కోడి. ఆరాధన అయ్యాక అన్నిటినీ వేలం వేస్తారు, వచ్చిన డబ్బు గుడికి. పాడుకున్నవాళ్లలో కొందరు ఆ వస్తువును ఇంటికి తీసుకుపోరు. "మళ్లా పాడించండి, దేవుడికే" అని తిరిగి ఇచ్చేస్తారు. అది భక్తి. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ రచయిత అయ్యాక మనిషికి తెలిసిన సంగతులు కూడా మరుపున పడతాయి.

ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకొని, పుస్తకం మొదటి పేజీలో "నా ప్రియ పాఠకులు" అని రాసి, పేరుకి ఖాళీ వదిలి, కింద నెల రోజులుగా సాధన చేసిన సంతకం పెట్టి, దాన్ని బల్ల ముందు ఒక నిమ్మకాయకీ గుమ్మడికాయకీ మధ్య నిలబెట్టాను. ఖాళీ పూరించడానికి పెన్ను మూత కూడా తీసి చేతిలో పట్టుకున్నాను. వేలం పాడించేది మా గొంతు మామ (ఆయనకు మైకు ఇవ్వడం దండగ). ధాన్యాలయ్యాయి, కూరగాయలయ్యాయి, ఒక కోడిపుంజు కూడా అయింది. "ఇదిగో, మన పిల్లోడు సొంతంగా రాసిన బుక్కు! ఎవురు పాడతారో పాడండి!" అని మామ దాన్ని పైకెత్తాడు. ముందు వరసలో ఒకాయన పాడాడు, ఇంకొకాయన పెంచాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పాడుకున్నాయన లేచి పుస్తకం అందుకొని, కళ్లకద్దుకొని, "మళ్లా పాడించండి" అని ఇచ్చేశాడు. మళ్లీ పాట, మళ్లీ పోటీ, మళ్లీ కళ్లకద్దుకోవడం. నా పుస్తకం గుడంతా తిరుగుతోంది! నా ఛాతీ చొక్కా గుండీలను పరీక్షించడం మొదలుపెట్టింది. రెండో ముద్రణకు నెల్లూరు ఎప్పుడు పోవాలా అని ఆలోచిస్తూ, ఆడవాళ్ల వైపు కూర్చున్న అమ్మ దగ్గరికి వెళ్లి, "చూసినావా డిమాండు?" అన్నాను.

అమ్మ నా వైపు జాలిగా చూసింది. "పుంజుని ఎవురన్నా ఎనక్కిచ్చినారంట్రా? గుమ్మడికాయని ఇచ్చినారా? పొద్దుట్నించి తిరగతా ఉండేది రెండే. నీ బుక్కూ, ఆ నిమ్మకాయా."

నిజమే. ఇంటికి పనికొచ్చేవన్నీ సంచుల్లోకి వెళ్లిపోయాయి. కాసేపటికి ఆ నిమ్మకాయను కూడా పాస్టరు అయ్యగారి భార్య షర్బత్తుకని ఉంచేసుకుంది. నిమ్మకాయకైనా ఒక ఇల్లు దొరికింది. నా పుస్తకం మాత్రం మామ చేతిలోనే ఉంది. మెల్లగా పెన్నుకి మూత పెట్టేశాను. వెనక అన్నం గుండిగల మూతలు తీసిన వాసన వస్తోంది, జనం కదులుతున్నారు, ఇంకా ఒక కోడిపెట్ట మిగిలింది. మామ ఓపిక కూడా అయిపోయినట్టుంది. "ఈ పెట్టా, ఈ బుక్కూ కలిపి ఒకటే పాట! పాడుకున్నోళ్లు రెండూ తీసకపోవాల. ఎనక్కిస్తే ఒప్పుకునేది లేదు!" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఆత్మకూరు నుంచి పండక్కొచ్చిన మా పెద్దమ్మ (అమ్మకి పినతల్లి కూతురు) కోడి కోసం పాడి, పుస్తకాన్ని కోడి కాళ్లు కట్టిన తాడులోనే దోపి తీసుకుపోయింది. ఒట్టు లెక్క ప్రకారం ఇది చెల్లదు. తీసుకుపోయింది కోడినే కదా. పాతపేపర్లవాణ్ని వచ్చే వారం రమ్మని చెప్పాను.

ఆ వారం లోపలే ఆత్మకూరు బస్టాండులో పెదనాయన, అంటే ఆ పెద్దమ్మ భర్త, నన్ను చెయ్యి పట్టుకొని ఆపాడు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరై, ఇప్పుడు పొలం చూసుకుంటున్న మనిషి. రిటైరైనప్పటి నుంచి ఆయనకు నిద్ర పట్టడం లేదని చుట్టాలందరికీ తెలుసు. "ఒరే, నీ బుక్కు బంగారం రా! ఏ మాత్తరకీ రాని నిద్దర దాంతో వస్తా ఉండాది. అర పేజీ, అంతే!" అన్నాడు, నా మెడలో దండ వేస్తున్నంత సంతోషంగా. నేను నవ్వాననే అనుకుంటున్నాను. వెళ్లబోతుంటే మళ్లీ ఆపాడు. "అది సరే గానీ, ఆ మొదటి కథలో పిల్ల సంచి పట్టుకోని రోడ్డు మీదకొస్తాది గదా. బస్సెక్కినాదా, లేదా?"

"చదివితే తెలుస్తాది గదా పెదనాయనా."

"చదివితే నిద్దరొస్తాది గదరా! రోజూ ఆడికే వస్తాను, ఆ పిల్ల ఆడనే నిలబడుకోనుంటాది. తెల్లారినాక పొలం కాడ కూడా అదే ఆలోచన. పాపం, ఒంటిగా ఉండాది గదా."

నేను కాగితం మీద కల్పించిన ఆ పిల్ల గురించి, పొలం గట్టు మీద ఒక మనిషి దిగులు పడుతున్నాడు. ఆయన సంచిలో పుస్తకం ఉంది, దాని అట్టకి కోడి ఈక ఒకటి అంటుకుని ఉంది. మొదటి పేజీ తీసి, ఆ ఖాళీలో ఆయన పేరు రాసిచ్చాను. పాతపేపర్లవాడికి ఫోన్ చేసి రావద్దన్నాను.

ఇప్పుడు కొత్తగా రాసేవాళ్లు ఫోన్ చేసి, పుస్తకాన్ని జనంలోకి ఎట్లా తీసుకుపోవాలని నన్ను అడుగుతుంటారు. (నన్ను!) నేనూ పెద్దమనిషిలా గొంతు సవరించుకొని ఏదో చెబుతాను. రాసేటప్పుడు మాత్రం నాకుండే లెక్క ఒక్కటే. పెదనాయన ఈ పేజీ చివరిదాకా మేలుకొని ఉంటాడా అని. రెండో పుస్తకానికీ ఆయన హాయిగా నిద్రపోయాడు. మూడోది పంపిన వారానికి పెద్దమ్మ ఫోను.

"ఏం రాసినావురా దాంట్లో? మీ పెదనాయన తెల్లార్లూ కన్ను మూయలా. ఆఖరి దాకా చదివి, మళ్లా మొదటికొచ్చినాడు. మనిషి ఏమైపోవాల? పాతదే నయం. అట్టాటిదే ఇంకొకటి రాసియ్యి!"

తప్పయిపోయింది పెద్దమ్మా అని వినయంగా చెప్పి, ఫోన్ పెట్టేసి, చాలాసేపు ఒక్కణ్నే నవ్వుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకొని, మూత తీసిన పెన్నుతో, నిమ్మకాయ పక్కన నిలబెట్టిన పుస్తకాన్ని చూసుకుంటున్న ఆ కుర్రాణ్ని పిలిచి, ఆ తిట్లు ఒక్కసారి వినిపించాలనిపించింది.