పత్తి చేల దారిలో లైట్‌హౌస్

పోయిన ఆదివారం మా అబ్బాయి నన్ను తిరుచ్చెందూరు అవతల సముద్రపు ఒడ్డున ఉన్న పాత లైట్‌హౌస్ చూపిస్తానని కారెక్కించాడు. రాజపాళయంలో కాఫీ తాగి బయలుదేరినవాళ్ళం, గేటు తెరవకముందే అక్కడ నిలబడ్డాం. అంత తొందరగా చేరిపోవడం నాకెందుకో నచ్చలేదు.

నా చిన్నప్పుడు అదే దారికి పగలంతా పట్టింది. నాయన మిల్లుకి పత్తి కొనేవారు. లైట్‌హౌస్ పైకెక్కి సముద్రాన్ని చూడాలని అమ్మ పెళ్ళయిన కొత్తలోనే అడిగిందట గాని, ఆయనకు పని తెమిలితే గదా! చివరికి మోకాళ్ళ నొప్పి మొదలై, ఇప్పుడు కాకపోతే ఇక ఆ మెట్లు ఎక్కలేనని ఆమె పట్టుబట్టాక, పత్తి పగిలే రోజుల్లో, ఒక మాసి నెలలో మా అంబాసిడర్ కదిలింది.

సత్రపట్టిలో ఆసుపత్రులకని నేసిన కట్టుగుడ్డ ఆరేసిన మైదానాలు దాటి, కణ్మాయి అని మేం పిలుచుకునే చెరువుల గట్ల వెంట చల్లగా సాగిన ప్రయాణం, నల్లరేగడి రాగానే నత్తనడక అయింది. పగిలిన కాయ కనబడితే చాలు, నాయన బండి ఆపించి చేలోకి దిగి, గింజ తీసేసి, దూదిని బొటనవేళ్ళ మధ్య లాగి పోగు పొడవు చూసి, రైతుతో వాన మొదలు పురుగు దాకా మాట్లాడి గాని వచ్చేవారు కాదు. పెళ్ళికి పోతున్నా సరే, పత్తి కొనేవాళ్ళెవరూ చేను దాటి పోలేరు, అదొక జబ్బు.

"ఏమండీ, పంజు రేపూ ఉంటాది, వాళ్ళు గేటు మూసేస్తే ఏమి చేసేది?" అని అమ్మ కారులోంచే కేకేసేది. మా వైపు పత్తిని పంజు అనే అంటాం.

"ఇదో, వచ్చేసినాను!"

మేం చేరేసరికి కాపలాదారు తాళం వేస్తున్నాడు. ఎవరినీ ఏదీ అడిగి ఎరుగని నాయన అతన్ని బతిమాలారు. పాపం, వేసిన తాళం తీసే అధికారం అతనికీ లేదు. అమ్మ ఇసుకలో కూర్చుని, మోకాళ్ళు నిమురుకుంటూ పైకే చూస్తూ ఉండిపోయింది. నాకు ఆమె మీద ఎంత జాలి వేసిందో, చొక్కా చేతికి దూది అంటుకుని నిలబడ్డ నాయన మీదా అంతే వేసింది.

తిరుగుదారిలో ఆయన కిటికీ వైపు తల తిప్పలేదు. పొద్దు వాలుతుండగా అమ్మే డ్రైవరును ఆపమని, "ఆ చేను బాగా పగిలినట్టుండాది, దిగి చూసి రాండి" అంది. నాయన దిగి, గట్టు మీద కాసేపు నిలబడి, కాయైనా తుంచకుండా వచ్చి కూర్చున్నారు. మళ్ళీ పోదామని ఎన్నోసార్లు అనుకున్నారు గాని, అమ్మ మోకాళ్ళు అందాకా ఆగలేదు.

మొన్న ఆదివారం నేను ఆగి ఆగి మెట్లెక్కి, అమ్మ వంతు సముద్రాన్ని కూడా తనివితీరా చూశాను. వచ్చేటప్పుడు ఎక్కడైనా బండి ఆపించాలని చేల వైపే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. మొక్కజొన్న, గాలిమరలు, ప్లాట్లకు పాతిన రాళ్ళు. మిల్లులకు పత్తి ఇప్పుడు ఎక్కడెక్కడి నుంచో బేళ్ళుగా లారీల్లో వస్తోంది. నాయన దిగవలసిన చేను ఒక్కటీ తగల్లేదు. పొద్దుండగానే ఇల్లు చేరిపోయాం.