రౌండబౌట్ దగ్గర పుట్టిన తమ్ముడు

నిక్షేపంలాంటి మనిషి బతుకుతెరువును నాలుగు మాటల్లో ఎలా ఊడగొట్టవచ్చో తెలుసుకోవాలంటే నన్నడగండి. గల్ఫ్‌లోని అల్ ఐన్‌లో, పట్టపగలు, ఇన్‌స్పెక్టర్ ఎదుటే దాదాపు చేసి చూపించాను. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ అరగంటలో నా గుండె చప్పుడు పక్కనున్న ఖర్జూరపు తోటలో పిట్టలకు కూడా వినిపించి ఉంటుంది.

మాది జగిత్యాల దగ్గర పల్లె. అప్పట్లో నేనొక పళ్ళ క్లినిక్‌లో సహాయకురాలిని. నా గదిలోనే ఉండే రెహానాది కడప. బురఖాలు కుట్టే దుకాణంలో దర్జీ. మా ఇద్దరినీ రోజూ పని దగ్గర దించేది నెల్లూరు మస్తాన్ భాయ్. నాకంటే చిన్నవాడే, అయినా అందరూ భాయ్ అంటారని నేనూ అదే పిలుపు. పాపం, అతని తెల్లకారుకు కిరాయికి తిప్పే పర్మిట్ లేదు. అలా తిప్పడం నేరం. ఎక్కినవాళ్ళకూ చిక్కేనని మా బిల్డింగులో చెప్పుకునేవారు.

సరిగ్గా అప్పుడే, కిరాయి కార్లకు పర్మిట్లు ఇచ్చే పని ఊరి మునిసిపాలిటీ చేతిలోంచి ఎమిరేట్ రాజ్యమంతటికీ ఒకే రవాణా శాఖకు మారుతోందని కబురొచ్చింది. ఇక పాత పద్ధతులన్నీ ఖలాస్, ప్రతి మలుపులో తనిఖీ! "దొరికితే వీసా రద్దు, సామాను సర్దుకోనీకి గంట టైము" అని వాట్సాప్‌లో ఒక గొంతు హెచ్చరించింది. ఆ గొంతు ఎవరిదో ఎవరికీ తెలియదు. నేను మాత్రం దేవుడి మాటలా నమ్మాను. వారం రోజులు అన్నం సయించలేదు. సూట్‌కేసు దించి, తాళం పనిచేస్తుందో లేదో కూడా చూసుకున్నాను.

"పట్టుకుంటే ఏం చెప్పేదక్కా?" అని రెహానా వణికింది.

"చుట్టాలమని చెప్పుదాం. చుట్టాల్ని ఎక్కించుకుంటే ఎవ్వలేమంటరు? మస్తాన్ భాయ్ నాకు తమ్ముడు, నీకు చిన్నాయిన కొడుకు. మర్వకు."

"బొట్టు పెట్టుకునే నువ్వు మస్తాన్‌కి అక్క ఎట్లయితావక్కా?"

"గంత లోతుకు పోరు తీయ్!"

మర్నాడు కారెక్కేసరికి మస్తాన్ భాయ్ మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. "అక్కా, మీకో మాట చెప్పాల. నిన్న నేను ఆఫీసుకి పొయ్యి..."

"నువ్వు ఆగు. ముందుగాల నేను చెప్పేది ఇను. ఇయ్యాల్టి నుంచి నువ్వు నా తమ్మునివి. మన నాయిన పేరు రాజయ్య."

"అది గాదక్కా, చెప్పేది కాస్త ఇను..."

"నడుమల మాట్లాడకు! రాజయ్య. యాదుంచుకో."

అతను మూడోసారి నోరు తెరిచేలోపు, నాలుగు దారులు కలిసే రౌండబౌట్ దాటగానే రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తాడు. కారు ఆగింది. నా ఊపిరి అంతకంటే ముందే ఆగింది.

ఆయన కిటికీ దగ్గర వంగి, హిందీలో "సలాం అలైకుం, అంతా బాగేనా?" అన్నాడు. అంతే. అంతకుమించి ఒక్క ప్రశ్న వేయలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నేను మాత్రం అడగకుండానే అబద్ధం వడ్డించాను.

"సాబ్, ఇతను నా తమ్ముడు! సొంత తమ్ముడు! మా దగ్గర పైసా తీసుకోడు!"

ఇన్‌స్పెక్టర్ కనుబొమలు పైకి లేచాయి. రెహానా వైపు తిరిగి, "మరి నువ్వు?" అన్నాడు. రెహానాకు పుట్టుకతోనే ఉర్దూ వచ్చు. కానీ ఆ క్షణాన ఉర్దూలో ఉన్న చుట్టరికాలన్నీ ఎగిరిపోయి, ఒక్కటే మిగిలింది.

"షౌహర్" అంది. భర్తట!

మస్తాన్ భాయ్ స్టీరింగ్ మీద తల వాల్చేశాడు. "యా అల్లా, నెల్లూర్లో నా పెళ్ళాం ఇంటే చంపేస్తది!"

ముగ్గురినీ దింపి ఎండలో నిలబెట్టారు. అప్పుడు మస్తాన్ భాయ్ జేబులోంచి ఒక కొత్త కార్డు తీసి రెండు చేతులతో అందించాడు. ఇన్‌స్పెక్టర్ చేతిలోని మిషన్ కుయ్యిమంది. పర్మిట్!

"నిన్ననే ఇచ్చినారక్కా, కొత్త శాఖోళ్ళు. అది చెప్దామనే గదా పొద్దున్నుంచీ మొత్తుకుంటా ఉండాను!"

నాకు ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం రెండు క్షణాలు కూడా కూర్చోలేదు.

"ఇది కిరాయికి ఇచ్చిన పర్మిట్" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈమె అక్క, ఆమె భార్య, ఎవరూ పైసా ఇవ్వరు. మొదటి రోజే ఇంటివాళ్ళను ఊరేగిస్తున్నావా, ఏదైనా దాస్తున్నావా? పైకి రాస్తాను. తేలేదాకా కార్డు నా దగ్గరే."

మస్తాన్ భాయ్ మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. ఆ కార్డు కోసం నాలుగు నెలలు తిరిగాడట, పరీక్ష రెండుసార్లు రాశాడట. నాకది అప్పుడే తెలిసింది.

"సాబ్, ఇతను నా తమ్ముడు కాడు!" అని అరిచాను.

"ఇప్పుడే సొంత తమ్ముడన్నావు."

"అది అబద్ధం సాబ్."

"అయితే ఇది నిజమని ఎలా నమ్మాలి?"

న్యాయమైన ప్రశ్నే. తమ్ముణ్ణి పుట్టించడం అర నిమిషం పని. పుట్టలేదని రుజువు చేయడం ఎలా?

"ఇతని పూర్తి పేరేంటి?" అన్నాడాయన.

"మస్తాన్ భాయ్."

"పూర్తి పేరు?"

"...భాయ్ మస్తాన్."

"పిల్లలెంతమంది?"

"ఇద్దరు" అన్నాను ధీమాగా.

"ముగ్గురక్కా" అన్నాడు మస్తాన్ భాయ్, ఏడుపు గొంతుతో.

ఇన్‌స్పెక్టర్ రెహానా వైపు చూశాడు. "నీ భర్తకు ఎంతమంది పిల్లలమ్మా?"

"నాకింకా పెళ్ళే కాలేదు సాబ్!" అని రెహానా భోరుమంది.

ఆయన కాసేపు పెదవి బిగబట్టాడు. తర్వాత కారు పైకప్పు మీద చెయ్యి ఆనించి, భుజాలు కదిలేలా నవ్వాడు. "ఇంత తెలియనివాళ్ళు చుట్టాలై ఉండరు" అని కార్డు మస్తాన్ భాయ్ చేతిలో పెట్టాడు. "యల్లా, పొండి."

మళ్ళీ కారెక్కాం. ఎనిమిది నెలలు రోజూ ఎక్కిన కారు. నడిపే మనిషి పేరు తెలియదు, పిల్లల లెక్క తెలియదు. నాకు సిగ్గేసింది. క్లినిక్ దగ్గర దిగుతూ మెల్లగా అడిగాను.

"తమ్మీ, ఇంతకూ నీ పూర్తి పేరేంది?"

"చెప్పను గాక చెప్పనక్కా! ఈసారి నువ్వు కరెక్టుగా చెప్పేసినావంటే నా పర్మిట్ పాయ!"

అందుకే, బుగ్గలు వాచి వరుసలో కూర్చున్న రోగుల సాక్షిగా ఆ ఉదయమే ప్రతిజ్ఞ చేశాను: ఇక మీదట ఏ సర్కారు మనిషి సలాం చెప్పినా, తిరిగి సలాం మాత్రమే చెబుతాను. ఆయన ఎంత బతిమాలినా సరే, ఎవరినీ తోబుట్టువును చేసుకోను.