ఉప్పు గీత

సునామీ తర్వాత ఏళ్ళ తరబడి మా దీవిలోని జంగ్లీఘాట్‌లో పాత సైడ్‌బోర్డులు బాగుచేసింది మా వీధి వడ్రంగి మామే. ఎవరింటికెళ్ళినా ముందు కింది సొరుగు లాగి, చెక్క మీద వేలు రాసి నాకి చూసేవాడు.

"ఉప్పు ఇంకా పోలేదు భయ్యా, అభీ పాలిష్ నహీ" అనేవాడు. కొత్తరకం ప్లైవుడ్‌వి అసలు ముట్టుకునేవాడే కాదు.

అందరివీ అద్దంలా మెరిపించినవాడు, తన ఇంట్లో తాత చేసిన మెలికల కాళ్ళ పడాక్ చెక్క సైడ్‌బోర్డు మీద మాత్రం, నడుమెత్తున నీళ్ళు నిలిచిన తెల్లటి గీతని అలాగే వదిలేశాడు.

"దీన్నెందుకు తీసెయ్యలేదు మామా?" అనడిగాను.

ఆయన గీతకి జానెడు కింద అరచెయ్యి ఆనించాడు.

"నీళ్ళు అక్కడిదాకా వచ్చాయిరా. మా పాప ఇంతే ఉండేది."